నలభై ఒకటో బిట్టు

ఆఫ్రికా నేల మీద అతి చిన్న దేశం ఏది?
నాలుగు పేర్లు, ఒక్క టిక్కు.
గాంబియా. రాజధాని బంజుల్. పైసలను దలాసి అంటరు.
ముఖ్య పంట వేరుశనగ.

"ఏందీ?" అన్నది అమ్మ.
ఆమె పండ్ల నడుమ పల్లికాయ పటుక్కుమన్నది.

వనపర్తి మార్కెట్ యార్డు, మాఘమాసపు ఎండ.
మా కుప్ప మీద సున్నంతో ఏసిన నంబరు.
దడువాయి ఇంకా ఆరు కుప్పల అవతలున్నడు.
బస్తా మీద కూసొని నేను
గ్రూప్ ఫోర్‌కు మూడోసారి సదువుతున్న.

"వాళ్ళు గూడ పల్లి ఏస్తరే" అన్న.
అమ్మ జరిగి దగ్గరికొచ్చింది.
ఇన్నేండ్లల్ల నా పుస్తకం దిక్కు
అమ్మ జరుగుడు అదే మొదలు.

మ్యాపుల చూపెట్టిన.
సెనెగల్ కడుపుల, బొటనేలితో కాయను చీరినట్టు
పొడుగ్గ ఒక గీత.
ఒక నది, దానికి అటో గట్టు ఇటో గట్టు,
దేశమంటే అంతే.

"మూడు దిక్కుల ఒక్కడే పక్కోడా?
మరి గెట్టు పంచాయితీ ఎవడు తెంపుతడు?"
పుస్తకంల లేదు.
"మన బీచుపల్లి కాడి కృష్ణంత ఉంటదా?"
లేదు. అంటే, పుస్తకంల లేదు.
"తేమ ఎంత చూస్తరు? తరుగు ఎంత కోస్తరు?"

ఫోన్ తీసి ఎతికిన, సిగ్నలు పోతా వస్తా ఉంటే.
పల్లి ఎక్కువ మొగోళ్ళు ఏస్తరట,
నది పక్క బురదల ఆడోళ్ళు వరి నాటుతరట.
"అంటే నడుములు మావి, చిట్టీలు వాళ్ళవి"
అని నవ్వింది.
పల్లీలు నూరి కూరల పోసి వండుతరట, దొమొదా అంటరట.
దొ, మొ, దా. మూడుసార్లు అన్నది,
రుచి చూసినట్టు.
"మనం తొక్కు కాడనే ఆగిపోయినం."

ఇంకొకటి దొరికింది.
ఎనకట వానకాలం మొదలైతాంటే
తూర్పు దేశాలకెల్లి నడిచొచ్చేటోళ్ళట,
ఎవరింట్లనో ఉండి, వారంల కొన్ని దినాలు ఇంటాయన చేన్ల,
మిగిలిన దినాలు తమకిచ్చిన చెక్కల
పల్లి పండించి, అమ్ముకొని,
మళ్ళ నడిచిపోయేటోళ్ళట.
వాళ్ళను వింత రైతులు అనేటోళ్ళట.

నములుడు ఆగిపోయింది.
"గా వింతేంది?" అన్నది శానాసేపటికి.
"పాలమూరోళ్ళే గదా."

మా తాత తట్ట మోసిన డ్యాము
నా పుస్తకంల ఉన్నది.
ఏ నది మీద, ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు:
నాకు కంఠతా వచ్చు.
ఆయన అక్కడ ఎన్నేండ్లున్నడో
ఆ పొద్దే తెలిసింది. పదకొండు.

దడువాయి మాసన్న వచ్చిండు.
పిడికెడు కాయలు చేతుల గలగలాడించి
"పచ్చిగున్నయి బాలకిష్టమ్మా" అన్నడు, రోజూ అన్నట్టే.
"గాంబియల తరుగు గింత తియ్యరంట మాసన్నా!"
పుస్తకంల లేనిది అమ్మనే చెప్పేసింది.
ఆయన పెన్ను చెవుల పెట్టుకొని ఆలోచించిండు.
"ఏడున్నది గది? జడ్చర్ల అవతల్నా?"
"శానా అవతల."
తరుగు మాత్రం కిలో గూడ తగ్గలేదు.

ఆ యేడు పరీక్షల గాంబియా రాలేదు.
దాని పక్కదేశం రాజధాని అడిగిండ్రు, అది తప్పు పెట్టిన.

అమ్మ మాత్రం మరవలేదు.
మిరుగం పోయి మబ్బు జాడ లేకుంటే
అరుగు మీద కూసొని, మొగులు దిక్కు చూసుకుంట
నన్ను అడుగుతది:
"ఆడ పడ్డదా?"