తలకు మున్నూరు

పిల్లగాని నోటుబుక్కు
ఆఖరి పేజీ నుంచి ఎనక్కి రాసుకుంటొస్తున్న.
తలలు నలభై ఒకటి.
చంకల పిల్లలు ముగ్గురు, లెక్కల లేరు,
పాల ప్యాకెట్ల కాడ మాత్రం ఉన్నరు.

ఫంక్షన్ హాలాయన ఒక్క పూటకు
పద్దెనిమిది వేలన్నడు, కరెంటు బిల్లు వేరే.
"మాది పెండ్లి గాదన్నా,
అందరం ఒక్కతాన కూసొని తినుడే" అన్న.
"తినేదానికి హాలెందుకమ్మా?" అన్నడు.
మంచిమాటే అన్నడు.

అందుకే గోకారి చిన్నాయన మగ్గాల షెడ్డు.
మూడింట్ల రెండు మగ్గాలు నిలవడి నాలుగేండ్లు.
గుంతల మీద పలకలు పరిస్తే
పదిమంది పండొచ్చు.
పిల్లలు కాలు జారకుంట
ఉరుకుందును కాపలా పెట్టాలె,
చిన్నప్పుడు రెండుసార్లు పడ్డోడు,
వానికే తెలుసు ఆ గుంతల లోతు.

చూపించేటందుకు గద్వాల ఉండనే ఉంది.
కోటకు పోయి రానీకి పైస ఖర్చు లేదు.
కోటను రాజులు కట్టిండ్రు,
మా ముత్తవ్వ నేసిన చీర రాణి కట్టిందంట.
ఎవరు చూసొచ్చిండ్రు!
అయినా పిల్లలకు ఆ గోడ కాడ నిలవెట్టి
ఈ ముచ్చట చెప్పాలె,
ఇది ఫ్రీ.

జూరాల చేపలా, మటనా?
మటన్ కిలో ఎనిమిది నూర్లు.
కొట్టేసిన. మళ్ల రాసిన. మళ్ల కొట్టేసిన.
కాగితానికి బొక్క పడ్డది.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ,
ఆధార్ కార్డు మరిస్తే నా పూచీ లేదని
అందరికీ ఫోన్ చేసి చెప్పిన.
రాయచూరు తిమ్మక్కకు
ఆ రాష్ట్రం బస్సు ఆ రాష్ట్రం దాకనే ఫ్రీ,
బార్డర్ ఇవతల టికెట్టు కొట్టాల్నంట.
"మన నడుమ గీత గీసినోడెవడే?" అని పక్కున నవ్వింది.
తర్వాత,
"మున్నూరు... తలకా?" అన్నది.
"మేము ఐదుగురమే గదా" అన్నది.
అప్పటిదాక ఫోన్ల ఇనబడుతున్న కుట్టుమిషిను
ఆగింది.

రాత్రంత ఆ ఆగిన మిషినే ఇనబడ్డది నాకు.

పొద్దున్నే నాగేంద్రన్న హైదరాబాదు నుంచి:
"ఆ లెక్కలన్ని చింపెయ్,
హోటల్ల రూములు తీస్త, మొత్తం నేనే పెడత."
మనసున్నోడే.
"మొత్తం నువ్వే పెడితే
మేమందరం నీకు చుట్టాలమైతమన్నా" అన్న.
"కుప్పడం చీరకు
నూలు ఒంటినీ పట్టు అంచునీ కలపాల్నంటే
మగ్గం మీద ఒక్కడు చాలడు,
ఆ చివర ఇంకో చెయ్యి ఉండాలె. మర్చిపోయినవా?"
"మర్చిపోలే" అన్నడు,
కొంచెం ఆగి, "మటనన్నా పెట్టుండ్రే" అన్నడు.

ఉపాయం చెప్పింది సవారమ్మత్త,
నోట్ల పండ్లు లేవు గానీ మాట గట్టిది.
"ఇత్తడి బిందె ముందల పెట్టు, తువ్వాల కప్పు.
అందరు గుప్పెట మూసి చెయ్యి పెట్టాలె,
తెరిచి బయటకు తియ్యాలె.
చిన్న పెద్ద అందరు.
ఎవరి గుప్పెట్ల ఏముందో
ఆ బిందెకు తెల్వాలె."

"సప్పుడైతది గదత్తా,
బిళ్ల పడితే ఒక తీరు, నోటు పడితే ఒక తీరు."

నన్ను ఎగాదిగా చూసింది.
"అడుగున నూలు చిక్కు ఎయ్యవే,
మగ్గపోళ్ల పిల్లవు, అది గూడ నేను చెప్పాల్నా?"

తలకు మున్నూరు మీద అడ్డంగ గీత కొట్టిన.
జమ అని రాసి పక్కన ఏం రాయలే.
ఇట్లాంటి లెక్క నేనెన్నడూ చేయలే,
కడుపుల జరంత దడగనే ఉన్నది.

తిమ్మక్కకు ఫోన్ చేసి బిందె సంగతి చెప్పిన.
ఏమన్లే. మిషిను మళ్ల మొదలైంది.
ఆ మోతల్లనే అరిచింది:
"జొన్నరొట్టెలు నూటిరవై నేనే చేసుకొస్త,
కారం మీది!"

షెడ్డుల మూలకున్న చిక్కు నూలు
రెండు దోసిళ్లు బిందెల ఏసిన.
రూపాయి బిళ్ల జారవిడిచి చూసిన.
సప్పుడు రాలే.
ఒట్టి గుప్పెట పెట్టి తెరిచి తీసిన.
అదే తీరు.

తువ్వాల కప్పి వచ్చి కూసొని
పెన్ను పట్టుకొని రాసిన:
గుడ్లు, మనిషికి రెండు, ఎనభై రెండు.
మటన్, చూద్దాం.