నల్లవి చివర్న

పుంతా అరేనాస్‌లో గాలి
ఆసుపత్రి తలుపును కూడా భుజంతో తోసే లోపలికొస్తుంది.
దాని వెనకే వచ్చాడు ఎలెయుతేరియో చిగ్వాయ్,
గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి,
సగానికి మడిచి జేబులో మరిచిపోయిన ఉత్తరంలా.

ఇనుమేదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, అన్నాను.
జేబుకత్తి. మూడు నాణేలు. బెల్టు బిళ్ల.
మెడలోని పతకం, ముద్దు పెట్టుకుని మరీ తీశాడు.
ఒంట్లో ఏమైనా ఉందా?
"చలికాలాలున్నాయి సెన్యోరా, అవి తీయడం కుదరదు."

నడుం వాల్చండి, అన్నాను.
పగటిపూట ఆ మాట
నలభై ఏళ్లుగా అతనితో ఎవరూ అన్నట్టు లేదు.
బల్ల వైపు అనుమానంగా చూశాడు.

సొరంగంలోకి బల్ల జరిగింది.
టక టక టక, ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టు.
అయస్కాంతం పిలిస్తే
ఒంట్లో నీళ్లన్నీ ఒక్క దిక్కుకు తిరుగుతాయి,
ఈలకు మంద తిరిగినట్టు.
కదిలించి వదిలేస్తే
మళ్లీ సర్దుకుంటూ సన్నగా ఏదో చెబుతాయి.
ఆ చెప్పిందే బొమ్మ.
ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాదు.

పూసకీ పూసకీ మధ్య మృదులాస్థి,
పైన తడితడిగా, తెల్లగా,
వాన వెలిశాక గిట్టల గుంటల్లో నిలిచిన నీళ్లలా.
కిందికొచ్చేకొద్దీ మసక.
అడుగున రెండూ ఎండిపోయి, నల్లగా, పల్చగా,
అందులో ఒకటి అంచు దాటి
నరం మీదికి ఒరిగింది.

అది చెప్పే హక్కు నాకు లేదు.
డాక్టరమ్మ మంగళవారం వస్తుంది,
విమానం దిగగలిగితే.

కానీ బయటికొస్తూ గాజుకవతల తెర చూసేశాడు.
"ఆ నల్లవి నావేనా?"
నేను ప్రింటరులో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

"మందలో నల్లవాటిని ఆఖర్న కత్తిరిస్తాం.
తెల్ల ఉన్నిలో ఒక్క నల్ల పోగు పడిందా,
మూట మొత్తానికీ ధర పోతుంది."
గాజు మీద వేలితో పైనుంచి కిందికి లెక్కపెట్టాడు.
"తెల్లది, తెల్లది, ఇదీ తెల్లదే అనుకోండి...
నల్లవి చివర్న.
పద్ధతి ప్రకారమే ఉంది."

నవ్వాడు. నవ్వు నడుం దాకా వెళ్లి ఆగిపోయింది.
రోజుకు నూట యాభై గొర్రెలు,
ఒక్కోదానికీ ఒక్కోసారి వంగడం,
నలభై ఏళ్లు.
లెక్క కట్టబోయి మానేశాను.

పతకం మళ్లీ మెడకెక్కింది.
బూట్ల తాళ్ల దగ్గరే చెయ్యి అందలేదు.
మోకాళ్ల మీద కూర్చుని నేనే కట్టాను, రెండేసి ముళ్లు.
లేస్తుంటే నా వెన్నులో ఎక్కడో
టక్‌మంది.

ఇద్దరం విన్నాం.
అతను టోపీ సర్దుకున్నాడు,
నేను తర్వాతి పేరు పిలిచాను.