ఏ కిటికీలో దీపం

డిసెంబరులో ఔలు ఊరికి
పగలు మాటవరసకే వస్తుంది.
పదింటికి తొంగిచూసి
రెండింటికల్లా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది.
ప్రయోగశాలలో ట్యూబులైటు కిందే
నాకు రోజూ తెల్లవారేది.

ఇవాళ కవలలు వచ్చారు.
ఒకే అండం రెండైనవాళ్ళు,
సిర్పా, తూలా. అరవై ఒకటో ఏడు.
ఒకే ముక్కు, ఒకే ఎడమచేతి వాటం,
మాట్లాడేముందు గొంతు సవరించుకోవడమూ ఒకటే.
తూకం దగ్గర మాత్రం
ముప్పై నాలుగు కిలోల తేడా.

సిర్పా పందొమ్మిదేళ్ళు రాత్రి బస్సు నడిపింది.
తూలా ఉత్తరాలు పంచేది, మంచులోనూ సైకిలు మీదే.
అంతమాత్రాన కథ తేలిపోయిందనుకోకండి.
కంచం దగ్గర తూలాదే పైచేయి అని
వాళ్ళమ్మ పోయేదాకా చెప్పిందట.
"గాలి పీల్చినా నాకు ఒళ్ళొస్తుంది"
అని సిర్పా నవ్వింది. నేను నవ్వలేదు.
ఇరవై మూడేళ్ళుగా ఈ కుర్చీలో
ఎంతమంది ఈ మాట నవ్వుతూ అన్నారో
లెక్కపెట్టడం మానేశాను.

తూలాకి నరం వెంటనే దొరికింది.
సిర్పా మోచేతి మడతలో
కళ్ళు మూసుకుని వేలితో తడిమాను,
చీకట్లో స్విచ్చు వెతికినట్టు.
"సారీ" అంది తను.
గుచ్చేది నేను, క్షమాపణ తనది.

రక్తం ఒంట్లోంచి వచ్చాక కూడా
మాట్లాడుతూనే ఉంటుంది.
గాజు గోడలు చూసి కంగారుపడి
మాట మార్చేస్తుంది.
అందుకే గొట్టం అడుగున ముందే ఒక ద్రవం,
ఎక్కడి మాట అక్కడే నిలిచిపోయేలా.
తలకిందులు చేసి, ఎనిమిది, తొమ్మిది, పది,
మైనస్ ఎనభైలో పెడతాం.
దాని ముందు మా ఊరి చలి ఉక్కపోతే.

కిటికీకి ఎదురుగా
ఒకే నక్షాతో కట్టిన రెండు మేడలు.
అన్నే అంతస్తులు, అన్నే తలుపులు.
ఒకదాంట్లో నాలుగో అంతస్తు వంటింట్లోనే దీపం.
రెండోదాంట్లో మెట్ల పొడుగునా వెలుగు,
అర్ధరాత్రి ఎవరో తలుపు కొడితే
అందరూ లేచి కూర్చున్నట్టు.

జన్యువుల్లో ఏం చూస్తారని సిర్పా అడిగితే
అటు చూపించాను.
నక్షా మీ ఇద్దరిదీ ఒకటే.
ఏ గదిలో దీపం వెలుగుతోందో
అదీ మేం రక్తంలో వెతికేది.
ఒళ్ళు బరువెక్కిన వాళ్ళ తెల్లకణాల్లో చాలాసార్లు
కాపలా గదుల దీపాలు ఆరవు.
దొంగ లేడు. గస్తీ ఆగదు.
కొవ్వు దగ్గర్నుంచి సన్నగా ఏదో కబురు
రాత్రింబవళ్ళు వస్తూనే ఉంటుంది.

"అయితే దీపాలు వెలిగాయని లావయ్యానా,
లావయ్యానని వెలిగాయా?"
పందొమ్మిదేళ్ళు తాగుబోతుల్ని
ఎవరి గుమ్మం ముందు వాళ్ళని దింపిన మనిషి
సరిగ్గా దిగాల్సిన చోటే దిగింది.
తెలీదన్నాను.
డాక్టర్ రౌతియో అయితే గ్రాఫు గీసి
అదే తెలీదుని ఇంకాస్త పొడుగ్గా చెబుతాడు.

తూలా సంచిలోంచి దాల్చినచెక్క బన్ను తీసి
అక్కడే తినేసింది, చక్కెర కోటు మీద రాలుతుండగా.
సిర్పా ఒక ఆపిల్ తెచ్చుకుంది.
దాన్ని జేబులోనే పట్టుకుని
నేను అటు తిరిగేదాకా ఆగింది.
తిరిగాను.
కొరికిన చప్పుడు వినబడింది.

ఎన్నేళ్ళు దాక్కుని తింటే
ఏ గదిలో దీపం వెలుగుతుందో
మా ఫారంలో దానికి గడి లేదు.

లేబుళ్ళు అంటించాను. పేర్లుండవు, అంకెలే.
నాలుగు సున్నా ఏడు, నాలుగు సున్నా ఎనిమిది.
రెండూ ఒకే ఎరుపు. అరచేతిలో ఒకే బరువు.
ఫ్రీజరు తలుపు మూస్తుంటే
ఎదురు మేడలో ఒక దీపం ఆరింది.
ఏ మేడలోనో చూసుకోలేదు.