నూటికి నలభైతొమ్మిది

జిల్లా జనాభా లెక్క ముందలేసుకొని
వెయ్యి మంది మగోళ్లకు ఆడోళ్లెందరో చూసి
హాస్టల్ ప్లాన్ అంచుకు పెన్సిల్‌తోని రాసిన:
నూటికి నలభైతొమ్మిది.
రిజిస్ట్రార్ సారు పచ్చ ఇంకుతో సంతకం పెట్టిండు.
రెండు బ్లాకులు లేచినయి, కవలల లెక్క.

అడ్మిషన్లప్పుడు
మహబూబ్‌నగర్ బస్టాండ్ నుంచి ఆటోలు తెగలేదు.
మక్తల్, కోస్గి, అచ్చంపేట అవతలి తండాలు,
బకెట్లు, చుట్టిన చాపలు, పచ్చడి డబ్బాలు.
దిగినోళ్లల్ల నూటికి డెబ్బై మంది ఆడపిల్లలే.
వార్డెన్ ఖుర్షీద్ మేడం ఫోన్ చేసింది:
"వీళ్లను మీ కాయితం మీద పండుకోబెట్టాల్నా?"

అప్పుడు మళ్ల చదివిన.
ఆ వెయ్యిల తొట్టెల పసిగుడ్డు ఉన్నడు,
నడుం వంగి కల్లం ఊడ్సే మణెమ్మ ఉన్నది,
ఊళ్లె పేరుండి పుణెల సిమెంటు కలిపేటోడు,
ఇంటరు తప్పి జేసీబీ నేర్సినోడు,
హైదరాబాద్‌ల బండి మీద మందికి బువ్వ మోసేటోడు,
అందరున్నరు.
కాలేజీ గేటే లేదు అందుల.

ఊరి జనాన్ని లెక్కపెట్టి
బంతిల కూసునేటోళ్లకు ఇస్తార్లు కుట్టిన నేను.

కారిడార్ల చాప పరుసుకుంటూ
ఎమ్మెస్సీ పిల్ల తిరుమలేశ్వరి అడిగింది:
"సార్, మా తమ్ముడు క్రషర్ల రాయి కొట్టి నా ఫీజు కడుతుండు.
వాడు రాడు.
ఎదురు బ్లాకుల వానికని ఉంచిన మంచం
నాకియ్యరాదా?"

ఆ గది తాళంచెవి నా దగ్గర లేదు.
సొరుగుల రబ్బరుంది.
ప్లాన్ మీద రుద్ది సూసిన.
పెన్సిల్ పోయింది,
పచ్చ ఇంకు పోలేదు.