ఏడో ఎక్కం

బడి హాస్టల్ నుంచి మూడు నెలలకి గుడారం చేరిన జర్గల్మా
వీపు మీది సంచీ దించకముందే
కొత్త లెక్క దించింది.
కుక్కకి ఒక ఏడంటే మనకి ఏడేళ్లట.

పొయ్యిలో పిడక ఎగదోస్తూ నేను నవ్వాను.
మా మామగారు నవ్వలేదు.
మేక వయసు పళ్లు చూసి చెబుతాడు ఆయన,
గుర్రానిదీ అంతే.
మనుషులదైతే, దాటొచ్చిన మంచు కరువుల్ని బట్టి.
"అయితే మన హూదెర్‌కి ఎంత?" అన్నాడు.

పిల్ల వేళ్లు మడిచింది.
పదకొండు శీతాకాలాలు.
ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు,
ఉప్పు టీ మాత్రం పొంగి నిప్పుల మీద చుయ్‌మంది.
డెబ్బై ఏడు మా మామగారి వయసు.

"కార్డులో డెబ్బై ఆరే ఉంది తాతా."
"కార్డు రాసినవాడికేం తెలుసు?
అమ్మ కడుపులో ఉన్నది ఎవరి ఖాతాలో వేశాడు వాడు?"
"మరి హూదెర్ కూడా ఉందిగా కడుపులో, రెండు నెలలు!
ఏడు రెళ్లు పద్నాలుగు."

అలా, రాత్రి భోజనం వేళకి
మా ఇంట్లో అందరికంటే పెద్ద ఎవరో తేలిపోయింది.
పద్నాలుగు నెలల తేడాతో.

మాలో పెద్దవాళ్లని నువ్వు అనకూడదు.
పొద్దున "రారా" అన్న నోటితోనే పిల్ల
తలుపు తెర ఎత్తి, చలిలోకి వంగి,
"రండి. ఎముక తీసుకోండి" అంది.
ముసలాయన మీసంలో ఏదో కదిలింది.
తన గిన్నెలోంచి ఒక కొవ్వు ముక్క తీసి
చేతికిచ్చాడు, పెద్దాయనకి పెట్టమని.

నాకు నిద్ర పట్టలేదు.
చదువుకున్నది తక్కువే అయినా ఏడో ఎక్కం వచ్చు నాకు.
నా బిడ్డ లేని మూడు నెలలు నాకు మూడు నెలలే.
దానికి ఇరవై ఒకటి.
దాదాపు రెండేళ్లు ఆ గుట్ట దారి వైపు ముట్టె పెట్టుకుని కూర్చుంది,
పిల్ల దిగగానే తోక ఊపింది గానీ
ఇన్నాళ్లా అని అడగలేదు.
మేం ఒళ్లెరగక పడుకునే ఒక్కో రాత్రి
దానికి వారం కాపలా.
రోజుకో ఎముక వేస్తున్నాం అనుకున్నాను ఇన్నేళ్లూ.
వారానికి ఒకటి వేశానన్నమాట.

కళ్లపైన రెండు పసుపు మచ్చలు దానికి,
నాలుగు కళ్ల కుక్క అంటారు మా వైపు.
కింది రెండూ పాలబారాయి,
ఇప్పుడు చూసేవి పై రెండే.
కుక్క తరవాతి జన్మ మనిషి జన్మే అని మా నమ్మకం.
అందుకే కాబోలు ఏడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కుతోంది.
ఇక్కడ మాలో ఏం చూసి అంత తొందరో.

మర్నాడు పశువుల డాక్టరు సొయోల్‌బాత్ జీపు
వంద అడుగుల అవతల ఆగింది.
ఆనవాయితీ ప్రకారం కేకేశాడు:
"కుక్కని పట్టుకోండోయ్!"

కుక్కకి వినపడలేదు.
మంచులో తల ఆనించి, ఎండ కాగుతూ,
ఊపిరి మాత్రం పొగలా వదులుతూ పడుకుని ఉంది.
ఒకప్పుడు ఆ కేక సగంలో ఉండగానే
జీపు టైరు దీని నోట్లో ఉండేది.

డాక్టరు దిగబోయాడు.
"ఆగు!" అన్నాడు మా మామగారు.
మోకాళ్లు పట్టుకుని లేచాడు,
బూట్లు తొడుక్కున్నాడు, కర్ర వెతుక్కున్నాడు,
చాలాసేపు పట్టింది ఆ నాలుగడుగులకి.
వంగి, మెడపట్టీలో వేళ్లు దూర్చి
రెండు చేతులా గట్టిగా వెనక్కి లాగి పట్టుకున్నాడు
నిద్రపోతున్న ఆయన్ని.

"ఇప్పుడు రా" అన్నాడు.
సొయోల్‌బాత్ మంచివాడు.
దూరంగా, అంచు వెంబడి,
భయపడుతూ నడిచి వచ్చాడు.