దాటించింది ఎవరు?

మకోనా నది ఇక్కడ పెద్ద వెడల్పేం కాదు.
గట్టిగా దగ్గితే అవతలి గట్టుకు వినబడుతుంది.
ఇటు గినీ, అటు సియెరా లియోన్.
మధ్యలో నీళ్లమీద ఎవరో గీశామన్న గీత
నా పడవకు ఒక్కసారీ తగల్లేదు.

ఈ రేవులో నర్సు అడెల్ లెనో ఫ్రెంచిలో రాస్తుంది.
ఆ రేవులో మొమో బుండూ ఇంగ్లీషులో రాస్తాడు.
ఇద్దరి చేతుల్లోనూ ఒకే గళ్ల కాగితం:
పేరు, ఊరు, వయసు,
రోగిని చివరిసారి ముట్టుకున్న రోజు.
ఆ గడి దగ్గర అందరూ తల దించుకుంటారు.
తల్లిని ముట్టుకున్న తేదీ
ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

వానలకు టవరు పడిపోయింది.
ఇక పేర్లన్నీ నా గొంతుతోనే ఏరు దాటాలి.
అడెల్ చదివితే నది నడుమ నిలబడి
కిస్సీలో కేకేస్తాను. మొమో రాసుకుంటాడు.
"సియా! బియ్యమమ్మే సియా కాదు, ఎడమకాలు ఈడ్చే సియా!"
"తంబా! పెళ్లికని వచ్చి చావుకని ఆగిపోయిన తంబా!"
మాలో రెండో కొడుకులందరూ తంబాలే.
జ్వరానికి ఆ తికమక లేదు,
అది మనిషిని బట్టే పోల్చుకుంటుంది.

టీకా పెట్టె వచ్చిన రోజు
దాన్ని నా ఒళ్లో పెట్టి
"పసిబిడ్డనుకో, ఎండ తగలనీకు" అంది అడెల్.
రెండు విమానాలు, ఒక లారీ, ఒక మోటారు సైకిలు,
చివరికి చిల్లు పూడ్చిన నా పడవ.
ఆ చలి కరగకుండా
నేనెరగని ఊళ్లలో ఎందరు నిద్ర మానుకున్నారో.

పెట్టె వెంట కాంగో నుంచి డాక్టర్ కవీరా వచ్చింది.
ఈ జ్వరాన్ని మాకంటే ముందు చూసిన మనిషి.
"మాకప్పుడు ఈ కాగితం లేదు" అంది.
ఆగి, వేళ్లు మడవడం మొదలుపెట్టింది.
రెండు చేతులూ చాల్లేదు.

అయిదో సాయంత్రం మొమో కేక:
"వేరుశనగ లమ్మే ఫిందా!
సోమవారం ఇటు దాటింది. బుధవారం పోయింది.
దాటించింది ఎవరు?"

నేను నది మధ్యలో ఉన్నాను.
ఫిందా వణుకుతుంటే చెయ్యిచ్చి దింపాను.
చలి అనుకున్నాను. ఆమె కూడా అదే అంది.
చుట్టూ ఇన్ని నీళ్లు, నోట్లో తడి లేదు.
రెండు భాషల మధ్య నిలబడ్డవాడికి
ఒక మాట జారవిడిచే వీలుంటుంది.
ఎవరూ చూడరు. నది కూడా చెప్పదు.

అడెల్ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఫయ్యా" అన్నాను. అటు తిరిగి మళ్లీ "ఫయ్యా!"
"ఏ ఫయ్యా?" అన్నాడు మొమో.
"పడవ ఫయ్యా."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత.
మావాళ్లు అంతదాకా కూడా ఆగలేదు,
కిరసనాయిలు డబ్బాతో రేవుకొచ్చారు.
అడెల్ క్లోరిన్ బకెట్ తెచ్చి పడవకు అడ్డం కూర్చుంది.
తెల్లారేదాకా లేవలేదు.

ఇరవై ఒక్క రోజులు నన్ను దూరంగా ఉంచారు.
పొద్దున ఒకసారి, మాపు ఒకసారి నుదుటికెదురుగా
తుపాకీలాంటి థర్మామీటరు.
నా పేర్ల మోత అవతలి గట్టు సోరీ మోశాడు.
రేవు నాదంటే నాదని
పదేళ్లు నాతో మాటల్లేనివాడు.
పనిలో పని నా బియ్యం కూడా తెచ్చి
గడప బయట పెట్టి, ఏం మాట్లాడకుండా పోయేవాడు.

ఏదో దేశంలో ఇరవై ఒకటో రోజున
బిడ్డకు పేరు పెడతారట, కవీరా చెప్పింది.
నాకు ఆ రోజే పేరు కొట్టేశారు,
ఇటు కాగితంలో ఒకసారి, అటు కాగితంలో ఒకసారి.
ఫిందా పేరుకు మాత్రం కొట్టివేత లేదు.
ఆ చివరి గడిలో వేరే సిరా.

తిరుగు ప్రయాణానికి కూడా కలిపి
ఆ సోమవారమే ఇచ్చింది ఫిందా.
ఆ నోటును క్లోరిన్ నీళ్లలో నానేశాను.
రంగంతా పోయింది.
ఏ దేశపు నోటో ఇప్పుడు తెలియడం లేదు.
బాకీ మాత్రం తెలుస్తోంది.