మోయగలిగినంత

రెడ్రూత్ ఊరి చివర ఆదివారం పొద్దున
తుప్పర పడుతూనే ఉంది.
క్లబ్బు షెడ్డులో కెటిల్ ఒకటి రైలులా ఈల వేస్తుంటే
కెరెన్సా బల్ల మీద నక్షా పరిచింది.

ముప్పై ఏళ్లు బస్సు తోలిన చేతులు.
రోజుకి నాలుగుసార్లు రైలు గేటు ముందు బ్రేకు తొక్కి
ఎవరివో కిటికీలు దాటిపోయేదాకా ఓపిక పట్టిన మనిషి.
రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో
పాత లేత్ ఒకటి కొనుక్కుంది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఇది," అంది వేలు పెట్టి.
ఆకుపచ్చ ఎక్స్‌ప్రెస్.
ఆరు పెద్ద చక్రాలు, మూడు సిలిండర్లు,
పొగగొట్టం నుంచి టెండరు దాకా ఒక్క గీతలో సాగిన ఒళ్లు.
కాగితం మీదే పరుగెడుతోంది అప్పటికే.

డిగొరీ కాదనలేదు, ఔననలేదు.
బిస్కెట్టు టీలో ముంచి
అది విరిగి అడుగున పడేదాకా చూస్తూ కూర్చున్నాడు.
తర్వాత "రా" అని తన గరాజుకి తీసుకెళ్లాడు.

పూల టేబుల్ క్లాత్ ఎత్తితే
కింద ఒక జత ఫ్రేములు.
ఆరింట నాలుగు చక్రాలు.
బాయిలరు ఉండాల్సిన చోట చెప్పుల పెట్టె,
అందులో మరలు, ఇత్తడి ముక్కలు, ఎండిన సాలీడు.
"మా చిన్నది పుట్టిన ఏడు మొదలుపెట్టాను.
దాని కొడుక్కి మొన్ననే డ్రైవింగ్ లైసెన్సొచ్చింది."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు
బాయిలరు అతికి చూడు అని ఎందుకనలేదో!
రాగి ఎర్రగా కాగాలి, కరగకూడదు.
వెండి టంకం సందుల్లోకి నీళ్లలా పాకాలి.
ఒక్క గొట్టం దగ్గర చెయ్యి తొందరపడిందా,
పరీక్ష రోజున సూది మొనంత చెమ్మ,
ఆర్నెల్ల పని మళ్లీ మొదటికి.

ఆ రాత్రి ఆమె స్కేలు పట్టుకుని లేత్ ముందు నిలబడింది.
అది తిప్పగల చక్రం అరచేయంత, పైన రెండు వేళ్లు.
ఎక్స్‌ప్రెస్ చక్రానికి దాని నోరు చాలదు.
అయినా మనసొప్పలేదు.
లేత్ మార్చుకోవచ్చు కదా, అనుకుంది.

తెల్లారి బజారుకెళ్లి
పాతిక కిలోల బంగాళదుంపల బస్తా తెచ్చింది.
వంటింటి నుంచి కారు దాకా, ఒక్కతే, ఎత్తుకుని నడిచింది.
గడప దగ్గర ఒకసారి ఆగింది.
రెండోసారి ఆగలేదు.
ఇంకో పది కిలోల బియ్యం పైన పెట్టి చూసింది,
మెట్టు మీదే కూలబడి
కాసేపు నవ్వింది, కాసేపు తిట్టింది.

గోడ మీంచి పక్కింటి జోరీ,
"దుంపల వ్యాపారమా?"
"కాదు. ఇంజను ఎంచుకుంటున్నా."

ఎంచుకున్నది క్వారీలో రాళ్లు లాగిన రకం.
నాలుగే చక్రాలు. టెండరు లేదు,
నీళ్లు మూపు మీదే మోసుకుంటుంది.
పొట్టిది, బొజ్జది,
ఫొటో తీస్తే ఎవరూ గోడకి తగిలించరు.
కానీ దాని పేగులన్నీ బయటే,
ఏ కడ్డీ ఏ కడ్డీని తోస్తుందో
చెయ్యి చాపితే తెలుస్తుంది.
పార్కులో ముగ్గురు పిల్లల్ని లాగుతుందట,
నలుగురు ఎక్కితే మొరాయిస్తుందట.

ఆకుపచ్చదాన్ని చుట్ట చుట్టి
బీరువా మీద పెట్టింది.
పారేయలేదు. పారేస్తానని కూడా అనలేదు.

బుధవారం ఉక్కు పట్టీలొచ్చాయి.
నీలం రంగు పూసి, సూదితో గీత గీసి,
మొదటి చిల్లు వేసింది.
వెంట్రుకవాసి పక్కకి పోయింది.
రెండోది సరిగ్గా పడింది,
దాంతో మొదటి తప్పు ఇంకా బాగా కనిపించింది.

గోళ్ల సందుల్లో నీలం ఉండగానే వంటింట్లోకొస్తే
డిగొరీ దుంపల తొక్క తీస్తున్నాడు.
పాతిక కిలోలు ఎవరో ఒకరు తినాలి కదా.
పట్టీని వెలుగుకి ఎత్తి చూశాడు,
చిల్లు సంగతి ఎత్తలేదు.

"టేబుల్ క్లాత్ ఉతికి ఆరేశాను," అన్నాడు
చాకు తుడుస్తూ.
"ఈ తుప్పరలో ఎప్పటికి ఆరుతుందో."